గోరంత ఉక్కు ముక్క

పోలీసు శాఖలో ఆర్మరర్ అంటే తుపాకులు బాగుచేసే మనిషి. స్టేషన్లలో ఉండే ప్రతి రైఫిలూ, ప్రతి రివాల్వరూ ఏడాదికోసారి అతని చేతుల మీదుగా వెళ్లాలి. ముప్పై ఏళ్లకు పైగా నేను ఆ పని చేశాను. తెనాలి, బాపట్ల, రేపల్లె వైపు స్టేషన్లన్నీ నావే. పనిముట్ల పెట్టె పట్టుకుని బస్సుల్లో, ప్యాసింజర్ రైళ్లలో తిరిగాను. ఇప్పుడు తెనాలిలో ఇంటిపట్టున ఉంటున్నాను. ఈమధ్య కొత్తగా ఈ ఉద్యోగంలో చేరినవాళ్లు ఫోన్ చేసి, "సార్, ఈ పనిలో ముఖ్యంగా ఏం తెలుసుకోవాలండి?" అని అడుగుతున్నారు. ఫోన్లో తేలే మాట కాదది. అందుకే రాస్తున్నాను.

నాకు ప్రమోషన్లు ఎప్పుడొచ్చాయి, ఎందుకు రాలేదు అన్నవి మీకు అనవసరం. ఒక్క రివాల్వర్ సంగతి చెబుతాను. దాన్ని తలచుకుంటే ఈ వయసులో కూడా నాకు కుర్చీలో కుదురుగా కూర్చోబుద్ధి కాదు. లేచి గదిలో పచార్లు చేస్తూ చెప్పాలనిపిస్తుంది.

యుద్ధం కోసం చేసింది

నేను చేరేనాటికి మన ఎస్సైల నడుముకు వేలాడేవి ఎక్కువగా రెండో ప్రపంచయుద్ధం నాటి రివాల్వర్లే. ఇంగ్లాండులో సైన్యం కోసం తయారై, ఎక్కడెక్కడో తిరిగి, చివరికి మన స్టేషన్ల ఇనప్పెట్టెల్లోకి చేరాయి. గొట్టం కొలత ముప్పై ఎనిమిది బోరు, ఆరు తూటాలు. మా నాన్న కొల్లిపరలో ఆయిల్ ఇంజన్లు బాగుచేసేవాడు. చిన్నప్పటినుంచీ ఇంజన్లు విప్పి బిగించిన చేతులు నావి. అయినా ఆ రివాల్వర్ని మొదటిసారి చేతిలోకి తీసుకున్నప్పుడు ఆశ్చర్యపోయాను. ఎంత తెలివైన వస్తువనుకున్నారు!

పిడి పట్టుకుంటే బొటనవేలి దగ్గర, ఎడమవైపు, ఒక గొళ్లెం ఉంటుంది. దాన్ని నొక్కి గొట్టాన్ని కిందికి వంచితే తుపాకీ మధ్యలోకి మడత పడుతుంది. అలా మడత పడుతున్నప్పుడే తూటాలుండే సిలిండర్ నడిబొడ్డులోంచి నక్షత్రం ఆకారపు బిళ్ల ఒకటి పైకి లేచి, కాల్చేసిన ఆరు గుల్లలనూ ఒక్కసారే బయటికి నెట్టేస్తుంది. ఇంకొంచెం వంచితే ఆ నక్షత్రం టక్కున లోపలికి దిగిపోతుంది. బురదలో, భయంలో, చేతులు వణుకుతున్న సైనికుడు కూడా కళ్లు మూసుకుని ఖాళీ చేసి మళ్లీ నింపుకోగలడు. నేను ఆ మొదటిరోజు పది పదిహేనుసార్లు ఊరికే వంచి మూసి, వంచి మూసి చూసుకున్నాను.

అంతకుముందు యుద్ధంలో వాడినది దీనికంటే పెద్ద బోరు, చాలా బరువు. పేలిందంటే చెయ్యి ఆకాశంలోకి లేచేది. కొత్తగా సైన్యంలోకి వచ్చినవాళ్లకు దానితో గురి నేర్పడానికి చాలాకాలం పట్టేది. అందుకని బోరు తగ్గించి, తూటాను మాత్రం బరువుగానే ఉంచి, ఈ చిన్నదాన్ని చేశారు. మొదట్లో తూటాను వెనకనుంచి కొట్టే దీని సుత్తికి వెనకవైపు బొటనవేలితో లాగే కొక్కెం ఉండేది. ట్యాంకుల్లో పనిచేసే సైనికులకు ఆ ఇరుకులో కొక్కెం దేనికో ఒకదానికి తగులుకునేది. సరే, కొక్కెమే తీసేశారు. ఇక వేలితో సుత్తిని ఎక్కుపెట్టడం లేదు. ట్రిగ్గర్ని పొడుగ్గా, గట్టిగా లాగాలి. ఆ ఒక్క లాగుడే సిలిండర్ని తిప్పి, సుత్తిని లేపి, తూటా మీదకి వదులుతుంది.

ఇక అన్నిటికంటే ముఖ్యమైనది పైకి కనిపించదు. పక్కనున్న రేకు, మేము సైడ్ ప్లేటు అంటాం, అది విప్పితే లోపల చిటికెనవేలి గోరంత ఉక్కు ముక్క ఉంటుంది. ట్రిగ్గర్ లాగనంతసేపూ అది సుత్తికి అడ్డంగా నిలబడుతుంది. తుపాకీ చెయ్యి జారి నేలమీద పడినా పేలదంటే ఆ గోరంత ముక్క పుణ్యమే.

శామ్యూల్ గారు

నాకు పని నేర్పింది శామ్యూల్ గారు. బాపట్ల మనిషి. పోలీసు శాఖకు రాకముందు సైన్యం వర్క్‌షాపులో చేశారు. ఆదివారం చర్చికి వెళ్లినంత శ్రద్ధగా సోమవారం బల్ల ముందుకు వచ్చేవారు. పై అధికారి ఎంత తొందరపెట్టినా ఆయన చేతి వేగం పెరిగేది కాదు.

ఒకరోజు నాతో అన్నారు: "వెంకట్రావూ, యుద్ధం మధ్యలో వాళ్లకి తుపాకులు చాల్లేదయ్యా. తొందరగా చెయ్యాలని కొన్నాళ్లు ఆ అడ్డుముక్క పెట్టకుండానే చేసేశారు. అవి పడితే పేలతాయి. యుద్ధం అయ్యాక వెనక్కి తెప్పించి ముక్క వేశారంట. కానీ అన్నీ వెనక్కి వచ్చాయని ఎవరు చెప్పగలరు?"

"పైనుంచి చూస్తే తెలీదాండీ?"

"ఎక్కడ తెలుస్తుంది? ఎన్నిసార్లు రంగులేశారో, గుర్తులన్నీ అరిగిపోయాయి. ప్లేటు విప్పే చూడాలి."

"మీరెప్పుడన్నా అలాంటిది చూశారా సార్?"

"చూళ్లేదు. అయినా విప్పుతాను" అన్నారు.

నేను చేసిన తప్పు

శామ్యూల్ గారు రిటైరయ్యారు. ఆయన తర్వాత నేనూ ఏళ్ల తరబడి విప్పాను. ఎక్కడ చూసినా ముక్క ఉంది. ఉన్నదాన్ని ఉందని చూడడం కోసం ఎన్నిసార్లు విప్పుతాం అనిపించడం మొదలైంది. ఈ ఉద్యోగంలో మనిషి చెడిపోయేది అక్కడే. కొత్తగా చేరినవాళ్లు ఇది గుర్తుపెట్టుకోండి.

ఒక ఎండాకాలం పెనుమూడి వైపు ఒక స్టేషన్‌కి తనిఖీకి వెళ్లాను. అన్నీ చూశాను. చివర్లో ఎస్సై గారి రివాల్వర్ మిగిలింది. అది ఆ ఏడే వేరే జిల్లా నుంచి వచ్చింది, నా చేతికి రావడం అదే మొదలు. సైడ్ ప్లేటు స్క్రూ తుప్పుపట్టి బిగుసుకుపోయింది. నూనె వేసి గంటో రెండు గంటలో ఆగాలి. రేపల్లెలో తెనాలి రైలుకి టైమవుతోంది. గొళ్లెం చూశాను, సిలిండర్ తిప్పాను, ట్రిగ్గర్ లాగి చూశాను. అన్నీ బాగున్నాయి. రిజిస్టర్లో "లోపలి భాగాలు విప్పి చూశాను, బాగున్నాయి" అని రాసి సంతకం పెట్టాను. పరుగెత్తి రైలెక్కాను. ఆ రోజు కిటికీ పక్క సీటు కూడా దొరికింది.

రత్నకుమారి

పది నెలల తర్వాత అదే స్టేషన్లో ఆ రివాల్వర్ పేలింది.

ఎస్సై గారు మధ్యాహ్నం బందోబస్తు నుంచి వచ్చి, రివాల్వర్ని తూటాలతో సహా కానిస్టేబుల్ రత్నకుమారికి ఇచ్చి, లోపల పెట్టమన్నారు. ఆ అమ్మాయిది సంగం జాగర్లమూడి. తండ్రి కౌలు రైతు. ఉద్యోగంలో చేరి నాలుగేళ్లు. పెట్టెలో పెట్టేముందు తూటాలు తీయాలని రివాల్వర్ని తెరవబోతుంటే, చెమట చెయ్యి, జారింది. సిమెంటు నేలమీద పడి పేలింది. ఎదురుగా బెంచీ మీద కూర్చున్న హోంగార్డు నాగేశ్వరరావు పిక్కలోంచి తూటా దూసుకుపోయింది. ప్రాణానికి ప్రమాదం తప్పింది గానీ కాలు ఈడ్చి నడవడం మిగిలింది.

పడితే పేలిందంటే ఎవరూ నమ్మలేదు. వేలు ట్రిగ్గర్ మీద పడి ఉంటుందన్నారు. ఎస్సై గారు తూటాలు తీయకుండా ఇచ్చిన తప్పు తనమీదికి రాకుండా అదే మాట పట్టుకున్నారు. నాగేశ్వరరావు కూడా, "చప్పుడు ఇనపడ్డప్పుడు తుపాకీ ఆ పిల్ల చేతిలోనే ఉన్నట్టుందండి" అని వాంగ్మూలం ఇచ్చాడు. రోజూ "బాబాయ్" అని పిలిచే పిల్ల. కానీ నొప్పితో మంచంలో ఉన్న మనిషికి కోపం రాకుండా ఎలా ఉంటుంది? రత్నకుమారిని సస్పెండ్ చేశారు. కేసు కూడా పెట్టారు.

విచారణ డీఎస్పీ గారికి వచ్చింది. చాలా నిక్కచ్చి మనిషి. ఎవరి సిఫార్సూ వినరు, ఎవరి కన్నీళ్లూ చూడరు. నన్ను పిలిచి అన్నారు: "తుపాకీ దానంతటది పేలదు. పేలిందంటే కారణం చూపించు. లేకపోతే లేదని రాసి సంతకం పెట్టు."

నిజం చెబుతాను. స్టేషన్‌కి బయల్దేరినప్పుడు నాకూ ఆ అమ్మాయి మీదే అనుమానం.

ప్లేటు విప్పిన రోజు

ఆ పొద్దున రత్నకుమారిని కూడా పిలిపించారు. మామూలు చీరలో, గోడకి ఆనుకుని నిలబడి ఉంది. ఎలా పట్టుకున్నావో చూపించమన్నాను. బల్లమీది రూళ్లకర్ర తీసుకుంది.

"ఇలాగండి. బొటనవేలు గొళ్లెం మీద. మిగతా నాలుగూ పిడి చుట్టూ. రెండో చేత్తో గొట్టం వంచబోయానండి. ట్రిగ్గర్ దగ్గరికి వేలు ఎలా వెళ్తుంది సార్? మీరే చెప్పండి."

నేను భూతద్దం తీసి రివాల్వర్ని తిప్పి చూశాను. సుత్తి వీపు మీద, వెలుతురుకి, కొత్త గీతలు! గీతల్లో తెల్లటి సిమెంటు పొడి ఇరుక్కుని ఉంది. అంటే పడినప్పుడు సరిగ్గా సుత్తి వీపే నేలకి తగిలింది. శామ్యూల్ గారి మాటలు ఒక్కసారిగా చెవుల్లో మోగాయి.

అదే స్క్రూ. అలాగే బిగుసుకుని ఉంది. నూనె వేశాను. ఆగాను. మళ్లీ వేశాను. టిఫిన్ తెప్పిస్తామన్నారు, వద్దన్నాను. పది దాటింది, పదకొండు దాటింది. పన్నెండవుతుండగా స్క్రూ కిర్రుమని కదిలింది. ప్లేటు ఎత్తాను.

అడ్డుముక్క లేదు! విరగలేదు, ఊడిపోలేదు, అసలు ఎప్పుడూ లేదు. ఉండి ఉంటే అది కదిలిన చోట ఉక్కు అరిగి మెరవాలి. అక్కడ ఒక్క గీత లేదు. ఎప్పటిదో గ్రీజు ఎండి మైనంలా అంటుకుని ఉంది. శామ్యూల్ గారు బతుకంతా వెతికి చూడనిది నా కళ్లముందు ఉంది! యుద్ధం తొందరలో చేసి, వెనక్కి పిలిస్తే వెళ్లకుండా తప్పించుకుని, సముద్రాలు దాటి మన రేపల్లె పక్కకి వచ్చి కూర్చుంది!

"దొరికింది!" అని అరిచాను. బయట సెంట్రీ ఉలిక్కిపడి లోపలికి తొంగిచూశాడు.

"ఏం దొరికింది సార్?" అంది రత్నకుమారి.

"ఏమీ లేదమ్మా! లోపల ఏమీ లేదు! అదే దొరికింది!"

నేను వివరించాను. ఆ అమ్మాయి రెండు చేతులతో మొహం కప్పుకుంది. తర్వాత చేతులు తీసి, చాలా మామూలుగా అడిగింది: "అయితే పోయినేడు మీరు చూసినప్పుడు కూడా లేదా సార్?"

"రిపోర్టులో అన్నీ రాస్తానమ్మా" అన్నాను. ఆమె కళ్లలోకి చూడలేకపోయాను.

మా ఆర్.ఐ. గారి సలహా

గుంటూరులో మా రిజర్వ్ ఇన్‌స్పెక్టర్ గారికి ఆ రివాల్వర్‌ని చూపించాను. చెడ్డవాడు కాదు. నా మంచికోరేవాడే. అంతా విని తలుపు దగ్గరగా వేసి, మెల్లగా అన్నారు: "పడినప్పుడు ముక్క విరిగిపోయిందని రాయవయ్యా. ఆ అమ్మాయి బయటపడుతుంది, నువ్వూ బయటపడతావు. ఎవరికి నష్టం?"

ఎవరికి నష్టం? తిరిగి వస్తుంటే దారంతా అదే ఆలోచన. ఆ మాట ఎంత హాయిగా ఉందో చెప్పలేను. రాయాలనే నిర్ణయించుకున్నాను కూడా.

తెనాలిలో దిగాను. ప్లాట్‌ఫారం మీద బందోబస్తుకి వచ్చిన ఎస్సై ఒకాయన నిలబడి ఉన్నాడు. నడుముకి అదే రకం రివాల్వర్. పక్కన ఎక్కడికో విహారయాత్రకి వెళ్తున్న స్కూలు పిల్లలు, ముప్పైమందికి తక్కువ ఉండరు, ఒకర్నొకరు తోసుకుంటూ ఆయన చుట్టూ చేరారు. ఒక పిల్ల ఆ రివాల్వర్ తోలు సంచీని వేలితో ముట్టుకుని నవ్వుతోంది.

ఒక్కసారిగా అర్థమైంది. విరిగిందని రాస్తే అది ఒక్క తుపాకీకి జరిగిన ప్రమాదం. దాంతో ఫైలు మూసేస్తారు. మొదటినుంచీ లేదని రాస్తే ప్రతి తుపాకీ విప్పాలి. ఆ ఎస్సై నడుముకున్నదాంట్లో ముక్క ఉందో లేదో నాకు తెలుసా? ఉందని సంతకం పెట్టినవాణ్ని నేనేగా!

ఇంటికి వెళ్లి, కాళ్లు కడుక్కోకుండానే కూర్చుని రాశాను. ముక్క మొదటినుంచీ లేదని. పోయినేడు విప్పకుండానే విప్పానని రాశానని.

డీఎస్పీ గారు రెండుసార్లు చదివారు.

"అంటే అప్పుడు రాసింది అబద్ధం."

"అవునండి."

"అప్పుడు అబద్ధం రాసినవాడివి, ఇప్పుడు నిజం రాశావని నేనెలా నమ్మాలి? ఆ అమ్మాయి మీద జాలిపడి నువ్వే ముక్క తీసేసి ఉండొచ్చుగా?"

నాకు చెంపమీద కొట్టినట్టయింది. కానీ ఆయన అన్నదాంట్లో తప్పేముంది?

"యుద్ధంలో ఇలాంటివి చేశారంటున్నావు. చేస్తే ఒక్కటే చెయ్యరుగా. ఇంకోటి చూపించు. పది రోజులు ఇస్తున్నాను."

వేట

నా సర్వీసు మొత్తంలో ఆ పది రోజులంత ఉత్సాహంగా ఎప్పుడూ పనిచెయ్యలేదు. పొద్దున్నే బయల్దేరేవాణ్ని. ఈసారి ఒంటరిగా ఒక్క స్క్రూ తిప్పలేదు. స్టేషన్ రైటర్ని, ఇంకో ఇద్దరు కానిస్టేబుళ్లని ఎదురుగా కూర్చోబెట్టుకుని, స్క్రూ మీద పాత రంగు చెదరలేదని వాళ్లచేత ముందే రాయించుకుని, అప్పుడు విప్పేవాణ్ని.

తెనాలిలో అన్నిటికీ ముక్క ఉంది. కొల్లిపరలో ఉంది. రేపల్లెలో ఉంది. ప్రతిదానికీ ప్లేటు ఎత్తేటప్పుడు ఊపిరి బిగబట్టేవాణ్ని. లోపల ముక్క కనిపిస్తే ఒక పక్క హమ్మయ్య అనిపించేది, ఇంకో పక్క నీరసం వచ్చేది. ఎనిమిది రోజులు గడిచాయి. పదిహేడు విప్పాను. కానిస్టేబుళ్లు నన్ను చూసి నవ్వుకోవడం మొదలుపెట్టారు.

తొమ్మిదో రోజు బాపట్ల వైపు ఒక స్టేషన్. పద్దెనిమిదోది, అక్కడి ఎస్సై గారు ఆమధ్యే వేరే జిల్లా నుంచి బదిలీ మీద వస్తూ వెంట తెచ్చుకున్నది. ప్లేటు ఎత్తగానే రైటర్ నాకంటే ముందు అరిచాడు.

"ఆర్మరర్ గారూ, ఖాళీ అండీ! మీరు చెప్పిందేదో ఇక్కడ లేదండీ!"

నేను పనిముట్లు బల్లమీద పడేసి అతన్ని కౌగిలించుకున్నాను. ఆ ఎస్సై గారు వచ్చి, మూడేళ్లుగా తన నడుముకున్న ఆ తుపాకీని చూసి, నెమ్మదిగా బెల్టు విప్పి బల్లమీద పెట్టారు. ఆయనకి ఇంట్లో ఇద్దరు చిన్నపిల్లలు. ఇంటికి కూడా దాన్ని తీసుకెళ్లేవారట.

తెనాలిలో విచారణ

ఆ తర్వాత ఏమైందో ముందే చెప్పేస్తాను. రత్నకుమారి ఉద్యోగం ఆమెకి తిరిగి వచ్చింది. కేసు ఎత్తేశారు. నా సర్వీసు పుస్తకంలో మచ్చ పడింది. పడాల్సిందే, దానిమీద నేను ఎవరికీ అర్జీ పెట్టుకోలేదు. ముక్క లేని ఆ రెండు రివాల్వర్లనూ పనికిరానివిగా చేశారు. మిగిలినవన్నీ విప్పి చూశాకే మళ్లీ ఇచ్చారు. ఇవన్నీ ఫైళ్లలో ఉంటాయి. ఫైళ్లలో లేనిది ఆ రోజు డీఎస్పీ గారి గదిలో జరిగింది.

ఆరు తూటాల తలలూ మందూ తీసేసి, అడుగున చప్పుడు చేసే క్యాప్ మాత్రం ఉంచి, బాపట్ల రివాల్వర్లో పెట్టాను. గదిలో మా ఆర్.ఐ. గారు, రత్నకుమారి స్టేషన్ ఎస్సై గారు, చేతికర్ర ఊతంతో నాగేశ్వరరావు ఉన్నారు. అతని కాలు బాగాలేదని డీఎస్పీ గారు కుర్చీ వేయించారు. రత్నకుమారి అధికారుల ముందు కాబట్టి నిలబడే ఉంది.

నేను రివాల్వర్ తీసుకోబోయాను.

"నువ్వొద్దు. నేనే వేస్తాను" అన్నారు డీఎస్పీ గారు. ట్రిగ్గర్‌కి దూరంగా గొట్టం కొసని రెండు వేళ్లతో పట్టుకుని, బల్ల ఎత్తు నుంచి వదిలారు. ఠంగుమని పడింది. పేలలేదు.

మళ్లీ వదిలారు. పక్కకి పడి దొర్లింది. ఏమీ లేదు. ఎస్సై గారు గట్టిగా ఊపిరి వదలడం వినిపించింది.

"సుత్తి వీపు నేలకి తగలాలి సార్. ఇంకొంచెం నిటారుగా..."

ఆయన నాకేసి ఒక్క చూపు చూసి, మూడోసారి, పిడి కిందికి ఉండేలా పట్టుకుని వదిలారు.

ఢాం!

గదిలో అందరూ ఎగిరిపడ్డారు. కిటికీ మీది పావురాలు లేచిపోయాయి. తుపాకీ నేలమీద, ఎవరి చెయ్యీ తగలకుండా, సన్నగా పొగ కక్కుతూ పడి ఉంది. నేను కేక వెయ్యకుండా ఆగలేకపోయాను. ఎంత మర్యాద తప్పిన పనో తర్వాత తెలిసింది.

నాగేశ్వరరావు కుర్చీలోంచి లేచాడు.

"ఇంకోసారి ఎయ్యండి సార్" అన్నాడు.

నేను సిలిండర్ తిప్పి ఇచ్చాను. డీఎస్పీ గారు మళ్లీ వదిలారు. మళ్లీ ఢాంమంది.

నాగేశ్వరరావు ఆ తుపాకీకేసి చూశాడు. తర్వాత చేతికర్ర పక్కన పెట్టి, తను కూర్చున్న కుర్చీని రెండు చేతులతో పట్టుకున్నాడు. కాలు ఈడ్చుకుంటూ, అధికారులందరి ముందునుంచీ, కుర్చీని గది దాటించి రత్నకుమారి దగ్గర పెట్టాడు.

"కూర్చోమ్మా" అన్నాడు. "ఇన్నాళ్లూ నిన్ను నిలబెట్టేశాం."

ఆ అమ్మాయి డీఎస్పీ గారికేసి చూసింది. ఆయన తల ఊపారు. అప్పుడు కూర్చుంది.